ఇద్దరు బిడ్డల పగటినిద్ర: మేలుకొని ఉన్నదెవరు?

పసిబిడ్డ పగటిపూట నిద్రపోవాలంటే పక్కన ఒక మనిషి మేలుకొని ఉండాలి. ఇంత మామూలు విషయాన్ని మన చరిత్రకారులు ఎన్నడూ పట్టించుకోలేదు. భూమి శిస్తు లెక్కలు రాశారు, పశువుల లెక్కలు రాశారు, యుద్ధాల తారీఖులు రాశారు. చెట్టుకొమ్మకు కట్టిన చీరతొట్టెల ఏ రికార్డుకూ ఎక్కలేదు. ఒక ఇంట్లో ఏడాది బిడ్డ ఒకరు, మూడేళ్ల బిడ్డ ఇంకొకరు ఉంటే ఇద్దరినీ రోజూ ఒకే యాళ్లకు పండబెట్టడం ఎట్లా అనేది ఇవాళ పట్నంలో తల్లుల నేర్పుకు సంబంధించిన ముచ్చటగా, డాక్టరు సలహాగా నడుస్తున్నది. మేము దీన్ని కులం, కూలి, సమయం ముడిపడిన చరిత్ర ప్రశ్నగా చూస్తున్నాం. బిడ్డ నిద్రకు కాపలా కాసిన మనిషి ఎవరు? ఆ మెలకువకు కూలి ఎవరిచ్చారు? ఆ మెలకువ కోసం ఎవరి చదువు ఆగిపోయింది? జహీరాబాద్ ప్రాంతాన్ని ముందు పెట్టుకొని ఈ మూడు ప్రశ్నలు అడగడమే ఈ వ్యాసం పని.

నిద్రకు ఏమేం కావాలె

ముందు నిద్ర సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నాలుగు నుంచి పదకొండు నెలల బిడ్డకు రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల బిడ్డకు 10 నుంచి 13 గంటలు. ఇందులో పగటి కునుకులు కూడా కలిసే ఉన్నాయి. పడుకునే యాళ్ల, లేచే యాళ్ల రోజూ ఒకటిగా ఉండాలని కూడా ఆ మార్గదర్శకాలు చెప్పాయి. ఎదిగే బిడ్డకు నిద్ర అంటే ఒట్టి విశ్రాంతి కాదు. ఒంటి పెరుగుదలకు కావలసిన హార్మోను గాఢనిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది. పొద్దున విన్న కొత్త మాట బిడ్డ మనసులో నిలవడానికి పగటినిద్ర సాయం చేస్తుందని మెదడు మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతున్నారు. అంటే రేపు బడిలో కూర్చోబోయే బిడ్డకు తయారీ ఈ కునుకులోనే మొదలవుతుంది.

ఇద్దరు బిడ్డలయితే లెక్క ఇంకొంచెం కష్టం. పది నెలల బిడ్డకు పగలు రెండు కునుకులు కావాలి. ఏడాదిన్నర దాటేసరికి చాలామంది పిల్లలు మధ్యాహ్నం ఒక్క నిద్రకు మారతారు. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఆ ఒక్కటి కూడా మెల్లగా మానేస్తారు. అందుకని చిన్నదాని పొద్దటి కునుకు తొందరగా ముగియాలె. అప్పుడే మధ్యాహ్నం తిన్నాక పెద్దదానితో పాటు దానికి మళ్లీ కండ్లు మూతలు పడతాయి. ఇద్దరికీ తిండి ఒకే యాళ్లకు పడాలె. రోజూ అదే జాగ, అదే చాప, అదే పాట ఉండాలె. నిద్రను సాయంత్రం దాకా సాగనిస్తే రాత్రి ఇద్దరూ మేలుకొని తల్లిని సతాయిస్తారు. పిల్లల్ని సాకిన ఏ ముసలవ్వకైనా ఈ సంగతులన్నీ తెలుసు. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు.

కానీ ఈ తెలిసిన పని రోజూ జరగాలంటే నాలుగు కావాలి: నిండిన కడుపు, నీడ, కదలని సమయం, మేలుకొని ఉండే మనిషి. దళితవాడ చరిత్రలో ఈ నాలుగూ ఒక్కచోట దొరికిన రోజులు తక్కువ. తల్లికి తెలియక బిడ్డ నిద్ర చెడలేదు. తల్లి సమయం తల్లిది కాకపోవడం వల్ల చెడింది.

చెలకలో తొట్టెల

జహీరాబాద్ తాలూకా నిజాం కాలంలో బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు మెదక్ జిల్లాలోకి వచ్చింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాలో భాగమైంది. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ నాలుగూ వినిపించే నేల ఇది. ఎర్రచెలకల్లో జొన్న, కంది, కొర్ర, శనగ పండుతాయి. నీళ్లున్నచోట చెరకు, అల్లం, ఆలుగడ్డ పండుతాయి. ఏ పంటయినా కలుపుతీతలో, కోతలో, ఏరుడులో వంగిన నడుము ఎక్కువగా ఆడమనిషిదే. అందులో మాల, మాదిగ ఆడమనిషి వాటా ఎంతో ఊరందరికీ తెలుసు.

నిజాం రాజ్యంలో వెట్టి నడిచిన రోజుల్లో ఈ ఆడమనిషికి గంట అనేది లేదు. పిలిచినప్పుడు పోవాలె, విడిచినప్పుడు రావాలె. బిడ్డకు రోజూ ఒక యాళ్లకు పాలియ్యడం, ఒక యాళ్లకు పండబెట్టడం వెట్టిలో కుదరని పని. జనగామ ప్రాంతంలో తెలంగాణ సాయుధ పోరాట జ్ఞాపకాల్లో ఒక ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. బిడ్డకు పాలియ్యడానికి ఇంటికి పోతానన్న బాలింతను, నువ్వు నిజంగా పాలతల్లివే అయితే ఆకుదొప్పలో పాలు పిండి చూపమన్నదట దొరసాని. ఆ దొరసాని క్రూరత్వం గురించి చాలామంది రాశారు. మేము చూసేది అవతల ఇంటికాడ ఉన్న బిడ్డ వైపు. పాలు అందని ఆ బిడ్డ ఏడ్చి ఏడ్చి పడుకున్నది. ఆ నిద్ర అలసట వల్ల వచ్చింది, కడుపు నిండి రాలేదు. వెట్టి తల్లి కష్టాన్ని దోచుకున్నదని మనం రాస్తూనే ఉన్నాం. బిడ్డ నిద్రను కూడా దోచుకున్నదని ఆ పక్కనే రాసుకోవాలి.

వెట్టి పోయింది, కూలి వచ్చింది. కూలికిపోయే తల్లి చేసిన ఏర్పాటే చెలకలో తొట్టెల. గెట్టుమీద వేపచెట్టో తుమ్మచెట్టో ఉంటే పాతచీర కొమ్మకు కట్టేది. చెట్టు లేకపోతే మూడు కట్టెలు ముక్కాలిగా నిలిపి కట్టేది. చిన్నబిడ్డ తొట్టెల్లో, పెద్దబిడ్డ కింద గోనెపట్టా మీద. తల్లి కలుపు తీసుకుంటూ సాలు చివరికొచ్చినప్పుడల్లా ఒక ఊపు ఊపి పోయేది. నీడ జరిగితే తొట్టెల జరగాలె. చీమలు, తేళ్లు, పాములు, కుక్కలు ఉండనే ఉన్నాయి. మేస్త్రీ చూపు వేరే ఉన్నది. సాలులో వెనకబడితే కూలి తెగుతుంది. తెలుగు సాహిత్యం జోలపాటల్లో రాముడిని, కృష్ణుడిని బంగారు తొట్టెల్లో ఊపింది. గెట్టుమీది చీరతొట్టెల ఆ పాటల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది.

తొట్టెలకు చెట్టు కావాలి, చెట్టుకు భూమి కావాలి. చెట్టు ఎవరిదైతే నీడ వాళ్లదే. పరాయి గెట్టుమీద కట్టిన తొట్టెలను ఎప్పుడైనా విప్పమనవచ్చు. భూమిలేని కులానికి నీడ కూడా అరువే.

నల్లమందు గోళీ

జహీరాబాద్ మీదుగా పోయే పెద్దరోడ్డు బొంబాయి తోవ. కరువొచ్చినప్పుడు, అప్పు మీదపడ్డప్పుడు తెలంగాణ కూలిజనం ఆ దిక్కుకే పోయారు. నిజాం ఇలాకా నుంచి పోయి బొంబాయిలో ఇండ్లు, రోడ్లు కట్టిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలన్నారు. వాళ్ల పేరుమీదనే కామాఠీపురా ఉన్నది. కాబట్టి బొంబాయి శ్రామికవాడల్లో పిల్లల్ని ఎట్లా పండబెట్టారో మనకు పరాయి చరిత్ర కాదు.

బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు మిల్లుకు పోయేముందు పసిబిడ్డకు చిన్న నల్లమందు గోళీ వేసేవాళ్లు. బిడ్డ మత్తులో పడి ఉండేది. తల్లి తిరిగొచ్చేదాకా లేచేది కాదు. 1920లలో ఈ సంగతి మీద డాక్టర్లు విచారణ చేశారు. 1929లో నియమించి, 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్ (భారత కార్మికుల స్థితిగతుల మీద వేసిన రాయల్ కమిషన్) కూడా దీన్ని నమోదు చేసింది. ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీల్లో క్రెష్‌లు పెట్టాలని, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, చూసుకునే మనిషి ఉండాలని చెప్పింది.

ఇది మనదేశపు తల్లుల మూఢత్వం అనుకునేవాళ్లు ఇంగ్లాండు చరిత్ర చదవాలి. 19వ శతాబ్దంలో అక్కడి మిల్లు పట్టణాల్లో గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే నల్లమందు కలిపిన పానకం దుకాణంలో అమ్మేవాళ్లు. మిల్లుకు పోయే తల్లుల బిడ్డలకు దాన్ని తాగించేవాళ్లు. కార్ల్ మార్క్స్ కూడా పెట్టుబడి గ్రంథంలో ఈ మత్తుమందుల సంగతి రాశాడు. మిల్లు కూత తల్లిని పిలిచింది, బిడ్డ పక్కన మేలుకొని ఉండడానికి ఇంకో మనిషిని పెట్టలేదు. ఆ ఖాళీని నల్లమందు నింపింది. బిడ్డను రోజూ ఒకే యాళ్లకు పండబెట్టడం అక్కడ నిజంగానే జరిగింది. అది బిడ్డ ఒంటి గడియారం ప్రకారం కాక మిల్లు గడియారం ప్రకారం జరిగింది. ‘రొటీన్’ అనే మాట వినగానే మురిసిపోవద్దని మేము చెప్పేది ఇందుకే. ఎవరి మేలు కోసం ఆ రొటీన్ అని ముందు అడగాలి.

చట్టం లెక్కపెట్టిన తల్లులు, వదిలేసిన తల్లులు

1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు చర్చకొచ్చింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. తల్లికి కాన్పుకు ముందు, తర్వాత విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చులో యజమానికీ ప్రభుత్వానికీ బాధ్యత ఉందని ఆయన వాదం. 1929లో ఆ చట్టం వచ్చింది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు గనుల్లో పనిచేసే తల్లుల పిల్లలకు క్రెష్‌ల సంగతి చట్టం దాకా తెచ్చినవారిలో కూడా ఆయన ఉన్నారు. అంబేడ్కర్‌ను రాజ్యాంగానికి మాత్రమే పరిమితం చేసి చూసేవాళ్లు ఈ పనిని మరచిపోతున్నారు. బిడ్డ పెంపకం తల్లి ఒక్కదాని గొడవ కాదని, ఆమె కష్టంతో లాభపడ్డవాళ్లంతా దానికి బాకీ ఉన్నారని చట్టసభలో వాదించిన మనిషి ఆయన.

తర్వాతి చట్టాలు ఈ దారిలోనే నడిచాయి, కాకపోతే తల్లుల్ని తలలు లెక్కపెట్టి నడిచాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం మొదట యాభైమందికి మించి ఆడవాళ్లున్నచోట క్రెష్ ఉండాలన్నది. 1976 సవరణ దాన్ని ముప్పైకి తగ్గించింది. 1951లో తోటల కార్మికుల చట్టం, 1966లో బీడీ కార్మికుల చట్టం, 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చాయి. అన్నింట్లోనూ క్రెష్ మాట ఉండేది, ప్రతిచోటా ఒక అంకె కూడా ఉండేది. ఒక యజమాని కింద ఒకచోట ఇంతమంది ఆడవాళ్లుంటేనే బిడ్డల నిద్రకు గది.

ఈ లెక్కలో రాని తల్లి ఎవరు? ఇవాళ ఒక రెడ్డి చేన్లో, రేపు ఒక పటేలు చేన్లో, ఎల్లుండి తన ఎకరం చెలకలో కలుపుతీసే తల్లి. చెరకు నరకడానికి మొగనితో జోడీగా బయానా తీసుకొని జిల్లాలు దాటిపోయే తల్లి. దళిత స్త్రీలలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు కావడం, వ్యవసాయ కూలీ ఈ చట్టాలన్నింటికీ బయట ఉండడం యాదృచ్ఛికం కాదు. ఫ్యాక్టరీ గోడ లోపల ఉన్న బిడ్డను చట్టం చూసింది. గెట్టుమీద ఉన్న బిడ్డ దానికి కనబడలేదు.

అక్క చంక

నల్లమందూ లేక, క్రెష్ కూడా లేక, మన వాడల్లో బిడ్డల్ని పండబెట్టిందెవరు? అక్క. ఏడేళ్లదో ఎనిమిదేళ్లదో, చంకన తమ్ముడు, చిటికెనవేలు పట్టుకొని చెల్లె. వాళ్లను ఆడించింది, గట్క తినిపించింది, తొట్టెల ఊపింది, ఏడిస్తే చెలక దాకా ఎత్తుకపోయి తల్లి దగ్గర పాలు తాగించి మళ్లీ ఎత్తుకొచ్చింది. అవ్వ ముసలిదై కూలికి పోలేని ఇంట్లో ఆమె ఈ పని చేసింది. ముసలవ్వ కూడా కూలికి పోయే ఇంట్లో అక్కే దిక్కు.

ఈ పత్రిక చదివే విద్యార్థుల్లో, టీచర్లలో చాలామంది ఇంట్లో మొదటి తరం చదువుకున్నవాళ్లు. మేమూ అంతే. మా యూనివర్సిటీ హాస్టల్ గదుల్లో ఎవరిని అడిగినా ఇంచుమించు ఒక్క తీరే చెబుతారు: మా అక్క చదువుకోలేదు, మూడో తరగతిలోనే మానిపించారు, మేము చిన్నోళ్లం కదా, ఎవరో ఒకరు చూసుకోవాలె కదా. మా ఇంట్లోనూ అదే జరిగింది. మేము మధ్యాహ్నం పడుకున్న గంటలన్నీ ఆమె బడికి పోని గంటలే. మన సర్టిఫికెట్ల వెనక తండ్రి చెమట ఉంది, తల్లి చెమట ఉంది, అంబేడ్కర్ పోరాటం ఉంది. పదేళ్లు నిండని ఒక ఆడపిల్ల మెలకువ కూడా ఉంది. రిజర్వేషన్ల మీద దాడి జరిగినప్పుడల్లా మనం తాతల కష్టం లెక్కచెబుతాం. అక్కల కష్టం కూడా ఆ లెక్కలో చేర్చాలి.

సర్కారుకు ఇది తెలియదా? తెలుసు. 1986 జాతీయ విద్యావిధానంలోనే రాసుకున్నారు, తమ్ముళ్లను చెల్లెళ్లను చూసుకునే ఆడపిల్లలు బడికి రావాలంటే పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు పెట్టాలని. అదే 1986లో బాలకార్మిక చట్టం కూడా వచ్చింది. అది బీడీలు చుట్టడం, తివాచీలు నేయడం వంటి పనులను నిషేధించింది. ఇంట్లో బిడ్డను ఎత్తుకొని నిలబడ్డ పిల్ల ఆ జాబితాలో లేదు. ఆమె చేసేది పనే కాదన్నట్టు చట్టం ఊరుకున్నది. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, బడిబయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని పట్టుబట్టింది. ఆ ఒక్క మాటతో తొట్టెల ఊపే పిల్ల మొదటిసారి కార్మికుల లెక్కలోకి వచ్చింది.

లెక్క ఇంకా సరిగా తేలలేదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వేలో ఇంట్లోవాళ్లను కూలి లేకుండా చూసుకునే పనిలో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు 134 నిమిషాలు, మగవాళ్లు 76 నిమిషాలు గడిపినట్టు తేలింది. ఆ సర్వే ఆరేళ్లు నిండినవాళ్లందరినీ లెక్కలోకి తీసుకున్నది. అయితే బిడ్డ పడుకున్నప్పుడు పక్కన అంట్లు తోముతూ చెవి అటేపు వేసి ఉండే అక్క పని ఏ గడిలో రాయాలి? అంట్లు తోమినట్టు రాస్తారు, కాపలా కాసినట్టు రాయరు. కూలి లేని పనిలోనే ఇంకో కూలి లేని పని దాగి ఉన్నది.

సంఘం బాల్వాడీ

జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలైంది. ఊరూరా ఏర్పడ్డ ఆడవాళ్ల సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. బయటి ప్రపంచానికి ఈ సంఘాలు చిరుధాన్యాలతో, విత్తనాలతో, 2008లో మాచ్‌నూరులో మొదలైన సంఘం రేడియోతో తెలుసు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. ఈ పేరుప్రతిష్ఠల మధ్య తక్కువగా మాట్లాడుకునేది బాల్వాడీల గురించి. సంఘాల పనిలో అవి తొలి దశ నుంచీ ఉన్నవే.

ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. బీడుపడ్డ ఎకరం భూమిని సాగులోకి తెచ్చుకోవాలన్నా, సంఘం మీటింగులో కూర్చోవాలన్నా, మైకు పట్టుకొని మాట్లాడాలన్నా ఆడమనిషికి ముందుగా రెండు చేతులూ ఖాళీ కావాలి. చంకలో బిడ్డ ఉన్నంతకాలం ఒక చెయ్యి ఎప్పుడూ బందీయే. విత్తనాల గురించి రాసే మేధావులు విత్తనం ఎంచే చేతిని చూస్తారు. ఆ చెయ్యి ఎట్లా ఖాళీ అయిందో చూడరు.

బాల్వాడీలో బిడ్డను చూసేది ఊరి ఆడమనిషే. భాష మన భాషే. తిండి ఆ నేలమీద పండే జొన్న, కొర్ర, పప్పు. అన్నింటికన్నా ముఖ్యం, బాల్వాడీ గడియారం తల్లి పనికిపోయే గడియారంతో కలవడం. మనం మొదట చెప్పుకున్న నాలుగూ, అంటే కడుపు, నీడ, సమయం, మనిషి, ఒక్కచోటికి వచ్చేది అప్పుడే. చిన్నదానికి పొద్దటి కునుకు, నడిపొద్దు తిండి, మూతి కడిగి వరసగా చాపల మీద పండబెట్టుడు, ఒక పాట. అక్కాచెల్లెళ్లు, అన్నాదమ్ములు పక్కపక్కనే. ఒక తల్లి ఒంటరిగా చేస్తే నేర్పు అనిపించుకునే పని ఇరవైమంది పిల్లల మధ్య అలవాటుగా మారుతుంది. ఒకరు కండ్లు మూస్తే పక్కవాడూ మూస్తాడు. పిల్లల్ని సాకినవాళ్లకు ఇది కొత్త కాదు. పక్కింటి బిడ్డ మన బిడ్డ అనుకోవడం వాడకు కొత్త కాదు. కొత్తది ఏమిటంటే మేలుకొని ఉన్న మనిషికి అది పనిగా గుర్తింపు రావడం, అక్క బడిదారి పట్టే వీలు కలగడం. బడి మధ్యలో మానిన పిల్లల కోసం అదే సంస్థ 1990ల్లో మాచ్‌నూరులో పచ్చసాలె నడిపింది. చిన్నోళ్లకు బాల్వాడీ, పెద్దోళ్లకు పచ్చసాలె అనే ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఒకటి లేకపోతే రెండోది నిలవదు.

అయితే ఒక సంగతి మరవద్దు. సంస్థ ఉన్న ఊర్లో బాల్వాడీ, సంస్థ లేని ఊర్లో మళ్లీ అక్క చంక. నిధులు వచ్చిన ఏడు చాపలు, రాని ఏడు ఖాళీ గది. బిడ్డ నిద్ర ఒక సంస్థ దయ మీద ఆధారపడడం ఎన్నటికీ పరిష్కారం కాదు. సంఘాలు దారి చూపించాయి. ఆ దారిని హక్కుగా మార్చవలసింది రాజ్యం.

సర్కారు గడియారం

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. అంగన్‌వాడీ దానినుంచే వచ్చింది. అంగన్‌వాడీ మన పిల్లలకు చేసిన మేలును మేము తక్కువ చేయడం లేదు. గుడ్డు, పప్పు, టీకా, బరువు చూడడం అన్నీ అవసరమైనవే. కానీ ఆ పథకం ఆటపాటల చదువు మూడు నుంచి ఆరేళ్లవాళ్లకే పెట్టింది. మూడేళ్లలోపు బిడ్డకు ఇంటికి పిండి ఇచ్చి పంపింది. అంటే ఇద్దరు బిడ్డలున్న ఇంట్లో పెద్దది కేంద్రానికి పోతుంది, చిన్నది ఇంట్లోనే ఉంటుంది. చిన్నదాని కోసం ఒక మనిషి ఇంట్లో ఉండాల్సిందే. ఆ మనిషి మళ్లీ అక్కే. పైగా కేంద్రం నడిచేది మొదట్లో రోజుకు నాలుగు గంటలే. 2012లో పథకాన్ని మార్చినప్పుడు ఆరు గంటలన్నారు. తల్లి చేన్ల నుంచి వచ్చేది పొద్దుగూకే యాళ్లకు. బిడ్డ మధ్యాహ్నం పడుకునే సమయానికో, లేచే సమయానికో సర్కారు తాళం వేసుకొని పోతుంది.

కేంద్రం ఎక్కడ ఉన్నదన్నది ఇంకో ప్రశ్న. ఊరి నడుమ అగ్రకులాల ఇండ్ల మధ్య కేంద్రం ఉంటే వాడ పిల్లలు ఎంతమంది పోతారు? పోయినా చాప మీద ఎవరి పక్కన పండబెడతారు? తిండి హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబరులో ఎస్సీ, ఎస్టీ వాడలన్నింటిలో అంగన్‌వాడీలు ముందుగా పెట్టాలని ఆదేశించింది. 2006 డిసెంబరు 13న ఇంకో అడుగు ముందుకేసింది. ఆరేళ్లలోపు పిల్లలు నలభైమంది ఉన్న ఏ వాడయినా అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలన్నది. అడిగే హక్కు ఉన్నదని ఎన్ని వాడలకు తెలియజేశాం? ఈ ప్రశ్న కార్యకర్తలుగా మనకే.

2005 ఉపాధి హామీ చట్టం ఒక పెద్ద మాట రాసింది. పనిస్థలంలో ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకుమించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి కూలీలలో ఒక ఆడమనిషిని పెట్టాలె, ఆమెకు కూడా కూలి ఇయ్యాలె. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో మెదక్ కూడా ఉన్నది. చెలకలో బిడ్డ నిద్రకు కాపలా కాయడం మట్టి తవ్వడంతో సమానమైన పని అని ఈ దేశపు చట్టం ఒప్పుకున్న సందర్భం అది. ఆచరణలో ఏమైందో పనికిపోయిన ప్రతి తల్లికీ తెలుసు. నీడ కోసం ఒక పట్టా కట్టిన చోట్లే తక్కువ. రాసిన మాట మాత్రం విలువైనది, దాన్ని పోగొట్టుకోవద్దు.

మన పక్కనే ఉన్న బీదర్ చూద్దాం. ఒకప్పుడు జహీరాబాద్ ఆ జిల్లాదే. 2023లో కర్ణాటక సర్కారు ‘కూసిన మనె’ పేరుతో గ్రామ పంచాయతీల్లో ఉపాధి కూలీల పసిపిల్లలకు సంరక్షణ కేంద్రాలు తెచ్చింది. కన్నడంలో ఆ పేరుకు బిడ్డ ఇల్లు అని అర్థం. కేంద్రం 2022లో మిషన్ శక్తి కింద ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే పథకం ప్రకటించింది. పాల్నా అంటే తొట్టెల. గెట్టుమీది తొట్టెల చివరికి సర్కారు కాగితం మీద పేరైనా అయింది. అది మన వాడలకు ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలి.

మేలుకొని ఉన్న మనిషి సంగతి కూడా చెప్పాలి. అంగన్‌వాడీ టీచర్‌కు, ఆయాకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవవేతనం అంటారు. 2006లో సుప్రీంకోర్టు వాళ్లది ప్రభుత్వోద్యోగం కాదన్నది. 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందన్నది. మధ్యలో పదిహేనేళ్లకు పైనే గడిచాయి. బిడ్డను చూసుకోవడం ఆడవాళ్ల సహజగుణం, దానికి జీతమెందుకు అన్న భావన ఎంత లోతుగా ఉన్నదో ఆ పదిహేనేళ్లే చెబుతాయి. ఊడ్చడం మా కులం సహజగుణమని ఒకప్పుడు అన్న నోళ్లే ఇది కూడా అంటున్నాయి. కులధర్మం, స్త్రీధర్మం రెండూ కూలి ఎగ్గొట్టడానికి వాడిన మాటలే.

మన ముందున్న పని

మూడేళ్లలోపు బిడ్డ అంగన్‌వాడీలోకి రావాలి, అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. ఒకే ఇంటి బిడ్డలు ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి. కేంద్రం పొద్దు తల్లి పనిపొద్దుతో కలవాలి. కలుపుతీత, కోత రోజుల్లో ఇంకో గంట ఎక్కువ నడవాలి. కేంద్రం వాడలో ఉండాలి. అందులో పనిచేసే ఆడమనిషికి జీతం అనే పేరుతోనే జీతం ఇవ్వాలి. 2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్లు నిండిన పిల్లల చదువును హక్కు చేసింది. ఆరేళ్లలోపు పిల్లల్ని ఆదేశిక సూత్రాల్లోని 45వ అధికరణంలోనే వదిలేసింది. అంటే కోర్టులో అడగలేని చోట వదిలేసింది. చిన్నబిడ్డ హక్కును అక్కడే ఉంచి పెద్దపిల్ల చదువును హక్కు చేశామంటే, తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్లకు ఆ హక్కు అందదు. ఈ రెండు అధికరణాల నడుమనే అక్క నిలబడి ఉన్నది.

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం భూములు తీసుకుంటున్న ఈ రోజుల్లో ఈ కోరికలు మరింత అవసరం. గెట్టు పోయినచోట చెట్టూ పోతుంది. చెలకలో తొట్టెల కట్టుకున్న తల్లి రేపు కాంట్రాక్టరు కింద ఇటుకలు మోయడానికి పోతే బిడ్డలను ఎక్కడ పండబెడుతుంది? భూమికి నష్టపరిహారం లెక్కలు వేసేటప్పుడు ఈ నీడను కూడా అడగాలి.

పరిశోధన చేసే విద్యార్థులకు ఒక మాట. ఈ చరిత్ర ఆర్కైవ్స్‌లో లేదు, మన అక్కల దగ్గర ఉన్నది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అడిగి రాసుకోండి: నువ్వు ఎన్నో ఏట బడి మానినవ్, ఎవరిని ఎత్తుకున్నవ్, మధ్యాహ్నం ఎక్కడ పండబెట్టినవ్, ఏ పాట పాడినవ్, నీకు నిద్రొస్తే ఏం చేసినవ్? ఊరి పేరు, ఏడు, పంట కూడా రాయండి. పది ఊర్ల నుంచి వంద మంది అక్కల మాటలు చేరితే, దాన్ని పట్టుకొని మండలాఫీసు ముందు నిలబడి అంగన్‌వాడీ సమయం మార్చమని అడగొచ్చు.